నాలుగో గురక

ఆ పరుపుల షాపు బోర్డు మీద పేరు కింద ఒక వాక్యం ఉంటుంది: "పడుకోండి, చూడండి, పట్టుకెళ్ళండి." మామగారు సొంతంగా ఆలోచించి రాయించిన వాక్యం అది. దాని మీద ఆయనకున్న మమకారం కన్నబిడ్డల మీద కూడా లేదని ఆ కన్నబిడ్డలే అంటుంటారు. అల్లుడు షాపులోకి సాక్సోఫోన్ తెచ్చిన నాటి నుంచి ఆ వాక్యంలో మొదటి మాట ఒక్కటే జరుగుతోంది. వచ్చినవాళ్ళు పడుకుంటున్నారు, అంతే.

అల్లుడి ఉద్యోగం ఆ షాపులో పరుపులు అమ్మడం. ప్రాణం మాత్రం సాక్సోఫోన్. గిరాకీ పల్చగా ఉన్న వేళ చూసుకుని దిండ్ల అరల వెనక్కి వెళ్ళి వాయించుకునేవాడు. పోనీ ఏదైనా హుషారైన పాట వాయిస్తే వచ్చినవాళ్ళు కాలు ఊపుకుంటూ ఓ పరుపు కొనుక్కుపోయేవారేమో. ఉహూ. అతనికి కావలసినవి బాలడ్‌లు. జాజ్ సంగీతంలో నత్తనడకన సాగే ప్రేమపాటల్ని బాలడ్‌లంటారు. అతను వాయించేవాటికి మాటలుండవు. సాక్సోఫోనే నిట్టూరుస్తుంది, గొంతు సవరించుకుంటుంది, మళ్ళీ నిట్టూరుస్తుంది. సరిగ్గా వాయిస్తే వినేవాడి గుండె కరిగి కళ్ళలోంచి కారాలి. అబద్ధమెందుకు, అతను బాగానే వాయించేవాడు. కాని వినేవాళ్ళ కళ్ళలో నీళ్ళు తిరిగేలోపే రెప్పలు వాలిపోయేవి.

ఒకసారి టై కట్టుకున్న పెద్దమనిషి ఒకాయన వచ్చాడు. షాపులోకెల్లా ఖరీదైన స్ప్రింగు పరుపు చూసి, "ఒక్క నిమిషం వాలి చూస్తా" అని బూట్లు విప్పాడు. దిండ్ల వెనక బాలడ్ మొదలైంది. ఆ ఒక్క నిమిషం షట్టరు దించే వేళ దాకా సాగింది. అప్పుడు లేచి, ఒళ్ళు విరుచుకుని, మామగారి చెయ్యి పట్టుకుని ఊపాడు.

"ప్రాణం లేచొచ్చిందండీ! నిద్ర సరిపోవట్లేదని కొత్త పరుపు కొందామని వచ్చాను. ఇంకెందుకు, పడుకునేశాగా!"

థాంక్స్ కూడా చెప్పి వెళ్ళిపోయాడు. ఆ పూట మామగారి మొహం చూసినవాళ్ళు చాలాకాలం చెప్పుకున్నారు.

ఆయన కళ్ళు మామూలుగానే ఎర్రగా ఉంటాయి. అది తన మీద కోపమేనని అల్లుడు పెళ్ళయిన నాటి నుంచీ నమ్ముతున్నాడు. అల్లుడు సాక్సోఫోన్ పెట్టె తెరిస్తే చాలు, మామగారు సొరుగులోంచి దూది తీసి రెండు చెవుల్లోనూ కుక్కుకునేవారు. పరుపుల షాపులో దూదికేం కరువు. "నేనింతవరకూ మీ పాట ఒక్కటీ వినలేదు, వినను కూడా" అని అదేదో బిరుదులాగా చెప్పుకునేవారు.

టై పెద్దమనిషి వెళ్ళిన సాయంత్రం ఆయన ఇంటిల్లిపాదినీ హాల్లోకి పిలిచారు. కింద వాటాలో మామగారు, అత్తగారు, వాళ్ళబ్బాయి ఉంటారు. మేడ మీద అల్లుడి కాపురం.

"అల్లుడుగారూ! ఈ ఇంట్లో నేనైనా ఉండాలి, ఆ ఇత్తడి గొట్టమైనా ఉండాలి. ఇల్లు నాది కాబట్టి నేనే ఉంటాను."

అల్లుడు ఒక అడుగు ముందుకేశాడు. "అది కాదు మామయ్యగారూ, వాళ్ళు సగం సగం విన్నారండీ. బాలడ్ అంటే నిద్రపుచ్చే పాట కాదు. మొదటి నుంచి చివరి దాకా కుదురుగా వింటే ఏడుస్తారు."

"ఏడుస్తున్నాను కదుటయ్యా!" అని ఆయన ఒంటికాలి మీద లేచారు.

అల్లుడు సాయం కోసం భార్య వైపు చూశాడు. ఆమె చూపు తప్పించి చీర కొంగు సర్దుకుంది. పెళ్ళయిన కొత్తలో అతను వాయించిన మొదటి బాలడ్‌కే ఆమె కళ్ళు మూసుకుంది. ఆహా, ఎంత తన్మయత్వం అని మురిసిపోయాడు. దిండు మీద చొంగ కారాకగాని సంగతి తెలియలేదు. ఆనాటి నుంచి ఈనాటి దాకా రెండో పాట ముగిసేసరికి ఆమె మెలకువగా ఉన్న పాపాన పోలేదు. "మీ పాట బావుంటుందండీ, ఒళ్ళు తెలీదు" అంటుంది. ఆ మెచ్చుకోలు అతన్ని ఎంత కోసేదో ఆమెకి తెలియదు. ఒక్క మనిషి, ఒకే ఒక్క మనిషి తన పాట చివరి దాకా మేలుకుని విని కంటతడి పెడితే చాలు, ఈ జన్మకి ఇంకేం వద్దు అనుకునేవాడు.

"నేను ఆల్బమ్ చేస్తానండి" అనేశాడు. ఎందుకన్నాడో అతనికే తెలియదు. నోట్లోంచి వచ్చేసింది. "అన్నీ బాలడ్‌లే. అది విని ఎవరూ మేలుకోకపోతే అప్పుడు మీ ఇష్టం."

బేరం మామగారి రక్తంలో ఉంది.

"సరే. ఈ ఆదివారం కాదు, పై ఆదివారం భోజనాలయ్యాక ఇక్కడే పెట్టండి. మొదటి నుంచి చివరి దాకా మేలుకున్న మనిషి ఒక్కరు తేలితే గొట్టం ఇంట్లో ఉంటుంది. తేలకపోతే సోమవారం పొద్దున్న అమ్మకానికి పెట్టాలి. మీరు లెక్కలోకి రారు. నేనూ రాను. నేను పడుకునే రకం కాదు."

"ఎవరైనా ఏడిస్తేనండీ?"

"ఏడిస్తే ఆ గొట్టానికి నేనే దగ్గరుండి పరుపు కుట్టిస్తాను, సరేనా!" అన్నారాయన. గోడవారన కూర్చుని దిండు గలీబులకి బొత్తాలు కుడుతున్న అత్తగారు తలెత్తి ఆయన వైపు ఒకలా చూసి, మళ్ళీ సూదిలోకి దారం ఎక్కించుకున్నారు.

అల్లుడికి వాద్యబృందం ఉంది. బృందం అంటే మరీ పెద్ద మాటే గాని, ఉంది. డ్రమ్ములు బావమరిది వాయిస్తాడు. షాపు డెలివరీ వ్యాను నడిపేది కూడా అతనే. బాస్ అని, మనిషంత ఎత్తున నిలబెట్టి తీగలు మీటే వాద్యం ఒకటుంటుంది, అది వీధి చివర టైలరు చేతిలో ఉంటుంది. కీబోర్డు లెక్కల టీచరమ్మది. ఆవిడ వాయిస్తున్నంతసేపూ పెదాల కింద అంకెలు లెక్కపెట్టుకుంటుంది. ముగ్గురూ మంచివాళ్ళే. అయితే అల్లుడు వాళ్ళకి ఒక నియమం పెట్టాడు. బాలడ్ వాయించేటప్పుడు అందరూ కళ్ళు మూసుకోవాలి. మొదటి స్వరంతో మూసిన కళ్ళు చివరి స్వరం ఆరిపోయాకే తెరవాలి. మధ్యలో ఎవరైనా కళ్ళు తెరిస్తే పాట బెదురుతుందని అతని సిద్ధాంతం. బెదరడానికి పాటేమైనా కుందేలా అని టీచరమ్మ ఒకసారి అడిగింది. అతను చాలా నొచ్చుకున్నాడు. అప్పటి నుంచి ఎవరూ అడగలేదు.

ఇంక చోటు కావాలి. మేడ మీద వాయిస్తే పక్కింటి కుక్క అందుకుంటుంది. టైలరు కొట్లో నాలుగు మిషన్లు ఒకేసారి నడుస్తాయి. టీచరమ్మ ఇంట్లో ట్యూషను పిల్లలు. బావమరిదికే తట్టింది.

"బావా, మన షాపు! గోడ గోడకీ పరుపులే కదా. చప్పట్లు కొడితే చప్పుడు ఎటుపోయిందో తెలీదు. పెద్దపెద్ద స్టూడియోల్లో గోడలకి మెత్తలు కొట్టేది అందుకే. మనకి ఉత్తినే ఉన్నాయి."

ఆదివారం షాపుకి సెలవు. తాళాలు మామగారి చొక్కా జేబులో ఉంటాయి. అత్తగారు ఆ చొక్కా ఉతకడానికి తీసినట్టు తీసి, తాళాల గుత్తి అల్లుడి చేతిలో పెట్టారు. "ఆయన క్షవరానికి వెళ్తారట. అక్కడ కూర్చుంటే రాజకీయాలు తేలేదాకా లేవరు. ఈలోగా కానిచ్చుకోండి బాబూ" అన్నారు.

భోజనాలు చేసి వెళ్ళారు. అది మొదటి పొరపాటు. సామాన్లన్నీ మోసి అలసిపోయాక వాయించడం రెండోది. మూడోదుంది, అదే అసలుది. పరుపుల షాపులో కుర్చీలెందుకుంటాయి? మామగారిది తప్పితే ఇంకో కుర్చీ లేదు, దాని మీద రికార్డింగు యంత్రం పెట్టారు. బావమరిది ఫోము పరుపు మీద చతికిలబడి డ్రమ్ములు ముందుకి లాక్కున్నాడు. టైలరు పీచు పరుపుల దొంతర మీద ఎక్కి కూర్చుని, బాస్‌ని భుజానికి ఆనించుకున్నాడు. టీచరమ్మ దూది పరుపు మీద కూర్చుని కీబోర్డు ఒళ్ళో పెట్టుకుంది. ఒక్క అల్లుడే నిలబడ్డాడు. సాక్సోఫోన్ వాడు నిలబడాల్సిందే, లేకపోతే ఊపిరి అందదు. అతని వెనక గోడౌనులోకి వెళ్ళే సగం తలుపు ఓరగా వేసి ఉంది.

"అన్నీ ఒక్క ఊపులో వాయించేద్దాం. మధ్యలో ఆపద్దు, మాట్లాడద్దు. ఏం జరిగినా కళ్ళు తెరవద్దు" అన్నాడు అల్లుడు.

"ఏం జరుగుతుంది?" అన్నాడు టైలరు.

"ఏమీ జరగదు. కళ్ళు మూసుకోండి."

ఎనిమిది పాటలు. అన్నీ అల్లుడు కట్టినవే. మొదటిది 'వాన వెలిసిన కిటికీ'. రెండోది 'నీ చెయ్యి నా జేబులో'. ఇది భార్య కోసం కట్టాడు. ఆ పేరు వినగానే ఆమె "జేబులు కొట్టేవాడి కథా?" అని అడిగింది పాపం. పాటలు ఒకదాని తర్వాత ఒకటి మెత్తగా జారిపోయాయి. మూడో పాట దాకా బృందం మహా బాగా వాయించింది. నాలుగో పాట దగ్గర డ్రమ్ముల మీద, కర్రల బదులు వాడే కుంచెల రాపిడి సన్నగిల్లింది. అబ్బ, బావమరిదికి ఇన్నాళ్ళకి నిగ్రహం వచ్చిందే అనుకున్నాడు అల్లుడు, కళ్ళు మూసుకునే. ఐదో పాటలో బాస్ ఒక్కో మీటుకీ మధ్య ఎడం పెంచుకుంటూ పోయి ఆగిపోయింది. దాని బదులు ఏదో గరగరమనే నాదం మొదలైంది. టైలరు వేళ్ళు వదిలేసి విల్లుతో వాయిస్తున్నాడు కాబోలు, చెప్పకుండా ఎంత సాహసం! ఆరో పాటలో కీబోర్డు మీద ఒకే ఒక్క స్వరం పట్టి వదలకుండా మోగింది. టీచరమ్మ మనసులో ఇంత లోతు ఉందని తనెన్నడూ అనుకోలేదు. ఏడు, ఎనిమిది పాటల్లో సాక్సోఫోన్ చుట్టూ మిగిలినవాళ్ళు ఎంత ఖాళీ వదిలారంటే, అతనికి గుండె నిండిపోయింది. నా మీద వీళ్ళకెంత గౌరవం అనుకున్నాడు. చివరి స్వరాన్ని ఊపిరి ఉన్నంతసేపూ లాగి, దాన్ని పరుపులు మింగేశాక కళ్ళు తెరిచాడు.

ముగ్గురూ నిటారుగా కూర్చుని ఉన్నారు. పాట ఆగగానే మెలకువ రావడం వినేవాళ్ళందరికీ అలవాటేనని అతనికి తట్టలేదు.

"అద్భుతం" అన్నాడు టైలరు, నోటి చివర తుడుచుకుంటూ.

"లెక్క తప్పలేదు" అంది టీచరమ్మ. ఆవిడ చెంప మీద కీబోర్డు మెట్లు అచ్చు పడి ఉన్నాయి.

బావమరిది వంచిన తల ఎత్తకుండా వైర్లు చుట్టడం మొదలెట్టాడు. ముగ్గురూ ఎవరికి వారే, నేనొక్కణ్ణే పడుకున్నాను, మిగతావాళ్ళు కాచారు అనుకుని నోరు కుట్టేసుకున్నారు. ఆల్బమ్‌ని అందరితో కలిసి మొదటిసారి వినాలి, ముందే వింటే దిష్టి తగిలినట్టే అని అల్లుడు ఇంకో నియమం పెట్టాడు. మొదటి నియమంతో ఎంత చేటు జరిగిందో తెలియక పెట్టాడు. బావమరిది తన గుట్టు బయటపడుతుందని తనూ వినలేదు. ఉన్నదున్నట్టు డిస్కు మీదకి ఎక్కించి, పైన అట్ట మీద 'కళ్ళు మూసుకుని' అని పేరు రాశాడు.

మళ్ళీ ఆదివారం వచ్చింది. భోజనాలయ్యాయి. హాల్లో మామగారు వాలుకుర్చీలో న్యాయమూర్తిలా కూర్చున్నారు. వాలారని కాదు, వాలుకుర్చీలో కూడా నిటారుగా కూర్చోగల మనిషి ఆయన. చెవుల్లో దూది మామూలే. సాక్సోఫోన్‌ని పెట్టెతో సహా తెచ్చి హాలు మధ్యలో పెట్టించారు. టైలరు, టీచరమ్మ సోఫాలో సర్దుకున్నారు. బావమరిది గుమ్మం దగ్గర నిలబడ్డాడు, పారిపోవడానికి వీలుగా. అత్తగారు గలీబుల బుట్టతో గోడవారన చేరారు. భార్య మొహం చల్లనీళ్ళతో కడుక్కుని, కళ్ళకి తడిగుడ్డ అద్దుకుని వచ్చి అల్లుడి పక్కన కూర్చుంది.

"ఇవాళ పడుకోనండీ, ఒట్టు" అంది. "పడుకుంటే గిల్లండి."

అల్లుడికి ఆమె మీద ప్రేమ పొంగింది. గిల్లడానికి సిద్ధంగా రెండు వేళ్ళూ దగ్గర పెట్టుకున్నాడు.

'వాన వెలిసిన కిటికీ' మొదలైంది. నిజం చెప్పాలంటే చాలా బాగుంది. అంత బాగుండటమే చిక్కయింది. పాట ముగిసేసరికి టీచరమ్మ గడ్డం గుండెలకి ఆనింది. రెండో పాటలో టైలరు సోఫా చేతి మీదకి ఒరిగాడు. భార్య కళ్ళు పెద్దవి చేసి, చిన్నవి చేసి, మళ్ళీ పెద్దవి చేసి తంటాలు పడుతోంది. అల్లుడు గిల్లాడు. "ఆఁ, వింటున్నా" అంది. మళ్ళీ గిల్లాడు. మూడో పాటలో గిల్లితే కదల్లేదు. గుమ్మం దగ్గర బావమరిది నిలబడే కునుకు తీశాడు. అత్తగారి సూది నెమ్మదించింది. మామగారు మాత్రం ఎర్రటి కళ్ళతో అందర్నీ ఒక్కొక్కరినే చూస్తూ, వేళ్ళు ముడుస్తూ లెక్కపెట్టుకుంటున్నారు. అల్లుడికి హాలు మధ్యనున్న పెట్టె వైపు చూడాలంటే భయమేసింది. రేపీపాటికి అది ఏ కొట్లో, ఎవరి చేతుల్లో ఉంటుందో అనుకున్నాడు.

అప్పుడే నాలుగో పాట మధ్యలో, సాక్సోఫోన్ ఒక నిట్టూర్పు విడిచి ఆగిన చోట, స్పీకర్లోంచి గుర్రుమంటూ ఒక శబ్దం వచ్చింది.

భార్య ఒక కన్ను తెరిచింది. "ఏంటండీ అది?"

మళ్ళీ వచ్చింది. ఎత్తు ఎక్కలేక గేరు మార్చుకున్న వ్యానులా ఉంది.

"ఒరే!" ఆమె రెండో కన్నూ తెరిచి తమ్ముడి వైపు తిరిగింది. "అది నీ గురకరా! చిన్నప్పటి నుంచీ పక్క గదిలో వింటున్నాను, నాకు తెలీదూ?"

బావమరిది నీళ్ళు నమిలాడు. ఆ మాటలకి టైలరు లేచి కూర్చుని, అదన్నమాట, తనొక్కడే కాదన్నమాట అని పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వు ఐదో పాట దాకానే. ఐదో పాటలో బరబరా కుట్టుకుంటూ పోయి, చివర్న ఈల వేసి, మళ్ళీ మొదటికొచ్చే గురక వినిపించింది. విల్లు కాదు, సాహసమూ కాదు. టైలరు నవ్వు ఠక్కున ఆగిపోయింది, మిగతావాళ్ళది మొదలైంది. టీచరమ్మ కూడా లేచి, "క్రమశిక్షణ లేదు మగవాళ్ళకి" అని మొహం చిట్లించింది. ఆరో పాటలో కీబోర్డు మీద ఒకే స్వరం వదలకుండా మోగుతుంటే, దాని మీద ఎవరో వేడి పాలు ఊదుతున్నట్టు ఫూ... ఫూ... అని వినబడింది. ఆవిడ చేత్తో తన చెంప తడిమి చూసుకుంది.

అల్లుడికి తలకొట్టేసినట్టయింది. నిగ్రహం! లోతు! గౌరవం! భూమి చీలితే సాక్సోఫోన్‌తో సహా దూరిపోవాలనిపించింది. లేచి డిస్కు ఆపబోయాడు. భార్య అతని చొక్కా పట్టి కూర్చోబెట్టింది.

"ఆపకండీ! ఎంత బావుందో! ఇంకెవరెవరున్నారో విననివ్వండి."

అతను ఆమె వైపు చూశాడు. కళ్ళు మెరుస్తున్నాయి. ఆరో పాట! ఆమె ఆరో పాట వింటోంది! చుట్టూ చూస్తే అందరూ స్పీకరు వైపు ముందుకి వంగి, ఊపిరి బిగబట్టి వింటున్నారు. మూడో పాట అయ్యేలోపే కునుకు తీశారు కాబట్టి పందెం లెక్కకి రారు. ఆ సంగతి మామగారి ముడిచిన వేళ్ళే చెబుతున్నాయి. కానీ ఆ వేళ్ళలో ఒక వేలు ఇంకా ముడవలేదు. అదెవరి లెక్కో అల్లుడికి అంతుపట్టలేదు.

ఏడో పాట వచ్చింది. వ్యాను నడుస్తోంది, మిషను కుడుతోంది, పాలు చల్లారుతున్నాయి. వాటి మధ్య సాక్సోఫోన్ ఒంటరిగా, తప్పిపోయిన మనిషి దారి అడిగినట్టు పాడుతోంది. అంతలో అడుగు నుంచి, దూరంగా, ఇంకొకటి మొదలైంది. మెల్లగా వచ్చి, పెద్దదై, ఇల్లంతా నిండి, హాయిగా దిగిపోయే గురక.

"నాలుగోది!" భార్య చప్పట్లు కొట్టింది. "మీదాండీ?"

"వాయిస్తూ గురకెలా పెడతానే!"

"మరి మేం ముగ్గురమే కదా?" టీచరమ్మ వెంటనే లెక్క వేసింది. "వాయించేవాళ్ళు ముగ్గురు పడుకుంటే గురకలు మూడే ఉండాలి. నాలుగున్నాయంటే షాపులో ఇంకో మనిషి ఉండాలి."

బావమరిది దొంగే అయ్యుంటాడన్నాడు. దొంగ పరుపుల షాపుకొచ్చి ఏం ఎత్తుకుపోతాడని టైలరు అడిగాడు. వాళ్ళలా వాదించుకుంటుంటే అత్తగారి ఒళ్ళోంచి గలీబు జారి కిందపడింది. ఆవిడ తీసుకోలేదు. సూది చేతిలో అలాగే ఉంది. ఆవిడ ఒక్క పాటకీ కునుకు తీయలేదని అల్లుడికి అప్పుడు తెలిసింది. సూది నెమ్మదించింది నిద్రకి కాదు, వినడానికి.

"అది మీ నాన్నది" అన్నారావిడ.

హాల్లో వాదన ఆగిపోయింది, ఆ నాలుగు గురకలు మాత్రం ఆగలేదు.

"నాదా? నాదేంటి!" మామగారు చెవుల్లోంచి దూది పీకి పారేసి గట్టిగా అరిచారు. "ఆ రోజు నేను క్షవరానికి వెళ్ళాను!"

అందరూ ఆయన తల వైపు చూశారు. జుట్టు చెవుల మీద పడుతోంది.

"ఏళ్ళ తరబడి పక్కన పడుకున్నదాన్ని, నాకు తెలీదా అండీ" అన్నారు అత్తగారు. "కొత్తలో ఈ గురకకి విసుక్కుని చెవుల మీద దిండేసుకునేదాన్ని. షాపు పెద్దది చేశాక ఆగిపోయింది. గురకే కాదు, నిద్రే పోయింది. తెల్లార్లూ వరండాలో కూచుంటారు. డాక్టరు దగ్గరకి వెళ్దామంటే వద్దంటారు. పరుపులమ్మేవాడికే నిద్ర పట్టదంటే మన పరుపులెవరు కొంటారే అంటారు. పిల్లలకి కూడా చెప్పద్దని ఒట్టేయించుకున్నారు." కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు, ప్రయోజనం లేకపోయింది. కన్నీళ్ళు కారుతూనే ఉన్నాయి. "ఈ చప్పుడు మళ్ళీ వింటాననుకోలేదు. ఎంత హాయిగా పడుకున్నారో చూడండి."

ఆ ఎర్రటి కళ్ళు కోపంతో కాదని అల్లుడికి అర్థమైంది. ఇన్నాళ్ళూ ఆయన్ని చూసి భయపడ్డాడు, వెనకాల వెక్కిరించాడు. ఒక్కసారిగా మామగారంటే జాలేసింది, ఆ వెంటనే ఎక్కడలేని ప్రేమా కలిగింది.

మామగారు చాలాసేపు గొంతు సవరించుకున్నారు.

"తాళాలు లేవని చూసి షాపుకొచ్చాను. వెనక షట్టరు తాళం వేరే ఉందిగా నా దగ్గర. గోడౌనులోంచి వచ్చి తిడదామనే వచ్చాను" అన్నారు, ఎవరి వైపూ చూడకుండా. "కంగారులో దూది మర్చిపోయాను. సరే, పాట మధ్యలో ఏం తిడతాం, అయ్యాక తిడదామని అక్కడే పరుపు మీద కూచున్నాను." కుర్చీ కర్ర మీద లేని దుమ్ము దులిపారు. "అవలేదు."

ఎవరూ నవ్వలేదు. ఎనిమిదో పాట మొదలైంది. మామగారు తీర్పు చెప్పడానికన్నట్టు చెయ్యి పైకెత్తారు. ఎత్తిన చెయ్యి నెమ్మదిగా వాలుకుర్చీ కర్ర మీదకి దిగింది. వీపు వెనక్కి వాలింది. ఆ కుర్చీ కొన్న నాటి నుంచి దాన్ని వాలుకుర్చీలా వాడటం అదే మొదటిసారి. చూస్తుండగానే స్పీకర్లో గురకకి హాల్లో గురక వంత పాడింది.

పాట అయిపోయింది. డిస్కు ఆగింది. మామగారి రెప్పలు కదిలాయి.

అత్తగారు గాభరాగా అల్లుడి వైపు తిరిగి చేతులు ఊపారు. అతను ఒక్క గెంతులో పెట్టె తెరిచి, సాక్సోఫోన్ అందుకుని, 'వాన వెలిసిన కిటికీ' ఎత్తుకున్నాడు. రెప్పలు మళ్ళీ సర్దుకున్నాయి. అలవాటు కొద్దీ అతనూ కళ్ళు మూసుకోబోయాడు.

"మూసుకోకండి బాబూ" అని గుసగుసగా కసిరారు అత్తగారు. "ఆయన్ని చూస్తూ వాయించండి. కదిలితే కాస్త గట్టిగా ఊదండి."

అలా అతను పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి కళ్ళు తెరుచుకుని బాలడ్ వాయించాడు. పాట బెదరలేదు. రెండో పాటకి టీచరమ్మ, టైలరు ఒకరి మీద ఒకరు వాలారు. బావమరిది గుమ్మానికి చేరగిలబడ్డాడు. 'నీ చెయ్యి నా జేబులో' సగంలో ఉండగా భార్య చెయ్యి నిజంగానే వచ్చి అతని జేబులో దూరింది, తల అతని మోకాలికి ఆనింది, ఆమె కూడా వెళ్ళిపోయింది. ఇంటిల్లిపాదీ గుర్రు పెడుతుంటే ఒక్క మనిషి మాత్రం మేలుకుని ఉంది. చెంపలు తుడుచుకోవడం కూడా మానేసి వింటోంది. మొదటి నుంచి చివరి దాకా మేలుకుని, ఏడ్చిన మనిషి. అత్తగారు ఏడ్చింది సాక్సోఫోన్‌కి కాదు, గురకకే. అయినా అల్లుడు దాన్ని తన ఖాతాలోనే వేసుకున్నాడు.

పెదాలు నొప్పెట్టి మూడో పాట దగ్గర ఆపబోతే ఆవిడ వేలెత్తి కానిమ్మని సైగ చేశారు. తర్వాత చప్పుడు కాకుండా లేచి, బుట్టలోంచి కొలత టేపు తీసుకుని, వాయిస్తున్న అతని దగ్గరకొచ్చి సాక్సోఫోన్ పొడుగు కొలిచారు. వంపు దగ్గర ఆగి, టేపుని ఇటు తిప్పి అటు తిప్పి చూశారు.

"ఇంత వంకరగా ఉందేంటి బాబూ? దీనికి పరుపెలా కుట్టించను?" అని చెవిలో అడిగారు.

అతను జవాబు చెప్పలేదు. చెప్పాలంటే పాట ఆపాలి.